మాత్ర మార్చే ముందు కాఫీ సంగతి అడగండి

విజయవాడ సూర్యారావుపేటలో ఏ ల్యాబ్ నుంచి థైరాయిడ్ రిపోర్టు తెచ్చుకున్నా ఒక సంగతి మారదు. హద్దు దాటిన అంకె లావు అక్షరాల్లో ఉంటుంది, దాని పక్కన ఒక బాణం. బాణం పైకి చూస్తే మాత్ర పవర్ పెంచాలి, కిందికి చూస్తే తగ్గించాలి. చదువుకున్నవారికీ చదువుకోనివారికీ, మందుల షాపు కుర్రాడికీ, పక్కింటి పిన్నిగారికీ అర్థమయ్యేది ఇదొక్కటే. రద్దీ వేళ కొందరు డాక్టర్లకు కూడా అంతే అర్థమవుతుందని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. రిపోర్టు చేతికిచ్చాక ఒక నిమిషం లోపే 50 ఉన్న చోట 75 అని రాసిన చీటీలు మా బంధువర్గంలో చాలా ఇళ్లలో కనిపిస్తాయి.

నా వాదన ఏమిటంటే, ఆ రిపోర్టులోని టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయమని పురమాయించే హార్మోన్) అంకె ఒక్కటి చూసి మోతాదు మార్చకూడదు. ఆ అంకె ఏ పరిస్థితుల్లో వచ్చిందో ముందు తేల్చుకోవాలి. మాత్ర ఎలా వేసుకుంటున్నారు, దేనితో వేసుకుంటున్నారు, రక్తం ఏ వేళ ఇచ్చారు, కిందటిసారి మోతాదు మారి ఎన్ని వారాలైంది అన్నవి డాక్టరు అడగకపోతే మనమే చెప్పాలి. సగం కేసుల్లో మారవలసింది మాత్ర కాదని నా అనుమానం. అనుమానమే, లెక్క కాదు.

నేను వైద్యురాలిని కాను, జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. థైరాయిడ్ తక్కువైనవాళ్లకు ఇచ్చే ఈ లెవోథైరాక్సిన్ మాత్ర నేనూ ఏళ్లుగా వేసుకుంటున్నాను, మా అత్తయ్య నాకన్నా ముందునుంచీ వేసుకుంటోంది. ఎవరు ఎన్ని మైక్రోగ్రాములు వేసుకోవాలో ఇందులో చెప్పను. అది మీ డాక్టరు గారి పని. ఆయన ముందు కూర్చున్నప్పుడు ఏం మాట్లాడాలన్నదే నా గొడవ.

ముందు లెక్క. టీఎస్‌హెచ్‌ను థైరాయిడ్ గ్రంథి తయారుచేయదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దాన్ని తయారుచేసి థైరాయిడ్‌కు పంపుతుంది. రక్తంలో టీ4 (థైరాయిడ్ విడుదల చేసే హార్మోన్, మన మాత్రలో ఉండేదీ అదే) తగ్గుతోందని పిట్యూటరీకి అనిపిస్తే టీఎస్‌హెచ్ పెంచుతుంది. కింద ఉన్నవాళ్లు పలకకపోతే మేడమీద నుంచి గొంతు పెంచి పిలిచినట్టన్నమాట. అందుకే మందు చాలకపోతే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, ఎక్కువైతే పడిపోతుంది. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిదేమిటంటే, ఈ పెరుగుదల తరుగుదలలు ఒకదానికొకటి సమానంగా ఉండవు. టీ4 సగానికి తగ్గితే టీఎస్‌హెచ్ రెట్టింపు కాదు, సుమారుగా వంద రెట్లు అవుతుందని పాఠ్యపుస్తకాల మాట. ఆ సంబంధం అన్ని చోట్లా ఒకేలా ఉండదని తర్వాతి పరిశోధనలు సవరించాయి కానీ మొత్తం మీద పోకడ అదే.

లాగరిథమ్స్ చెప్పేటప్పుడు ఇవి జీవితంలో ఎక్కడ పనికొస్తాయి మేడమ్ అని పిల్లలు అడుగుతూనే ఉంటారు. ఇక్కడ పనికొస్తాయి. టీఎస్‌హెచ్ 2 నుంచి 6కు పెరిగితే మూడు రెట్లైందని గుండె గుభేలుమంటుంది. పై లెక్క ప్రకారం వెనక్కి వెళ్లి చూస్తే టీ4లో తగ్గినది దాదాపు 15 శాతం. అంకె మూడు రెట్లైందని మందు రెట్టింపు చేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. మందుల షాపులో 50, 75, 100 మాత్రమే కాక 12.5, 62.5, 88, 112 అని వింత అంకెల మాత్రలు ఉండటానికి కారణం కూడా ఇదే. ఈ మందులో చిన్న తేడా కూడా రక్తంలో పెద్దగా కనబడుతుంది కాబట్టి చిన్న మెట్లు కావాలి. కొత్తగా మొదలుపెట్టే పెద్దవాళ్లకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు 12.5 తోనో 25 తోనో ఆరంభించి మెల్లగా పెంచేది కూడా అందుకే. గ్రంథి పూర్తిగా పనిచేయని పెద్దవారికి కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు అనే సూత్రం ఉంది. కానీ చాలామందిలో గ్రంథి పూర్తిగా ఆగిపోదు, ఎంతో కొంత పనిచేస్తూనే ఉంటుంది. 60 కిలోల మనిషికి 96 అని గుణకారం వేసి మోతాదు తేల్చేయడానికి అందుకే వీల్లేదు.

కాలం లెక్క కూడా ఉంది. లెవోథైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు 7 రోజులు పడుతుంది. అంటే కొత్త మోతాదు మొదలుపెడితే వారానికి 50 శాతం, రెండు వారాలకు 75, మూడు వారాలకు 87.5, నాలుగు వారాలకు 93.75, ఐదు వారాలకు దాదాపు 97 శాతం కొత్త స్థాయికి చేరుతుంది. పిట్యూటరీ సర్దుకోవడానికి ఇంకొంచెం సమయం కావాలి. అందుకే మోతాదు మారిన తర్వాత 6 నుంచి 8 వారాలకు పరీక్ష చేయించమంటారు. ఇది ల్యాబ్ వ్యాపారం కోసం పెట్టిన గడువు కాదు. నిజానికి వ్యాపారం గడువుకు ముందే పరీక్ష చేయించుకోవడంలోనే జరుగుతోంది. మూడో వారంలో రక్తమిచ్చి, ఇంకా తగ్గలేదంటూ మళ్లీ పవర్ పెంచుకుని, రెండు నెలలకు చేతులు వణుకుతున్నాయని వచ్చే కథ మా వీధిలోనే ఉంది. మొదటి మార్పు ఫలితం పూర్తిగా రాకముందే రెండో మార్పు చేస్తే మూడోసారి వచ్చే అంకె దేనికి జవాబో ఎవరికీ తెలియదు. లెక్కలో ఒక సమీకరణం పెట్టి రెండు అవ్యక్తాలు కనిపెట్టమన్నట్టే, ఎంత తెలివైనవాడూ చేయలేడు.

ఇదే లెక్కలో ఒక ఊరట కూడా ఉంది. ఒక రోజు మాత్ర మరచిపోతే కొంప మునగదు. గుర్తొచ్చిన వేళకో, మర్నాడో వేసుకోవచ్చు. ఈ మందులో వారం మొత్తం మీద ఎంత వెళ్లిందన్నది ముఖ్యం. కార్తిక సోమవారం నీళ్లు కూడా ముట్టకుండా నక్షత్రం చూసేదాకా ఉండేవాళ్లు మా ఇళ్లలో ఉన్నారు. ఆ ఒక్క రోజు గురించి బెంగపడనక్కర్లేదు. ఏడాది పొడవునా వారానికి రెండుసార్లు మరచిపోతూ, డాక్టరు దగ్గర మాత్రం రోజూ వేసుకుంటున్నానని చెప్పేవాళ్ల గురించే బెంగ. వాళ్లకు పవర్ పెరుగుతుంది. తర్వాత భక్తిగా రోజూ వేసుకోవడం మొదలుపెడతారు, అప్పుడు మందు ఎక్కువైపోతుంది.

ఇప్పుడు మా అత్తయ్య సంగతి. 75 మీద చాలాకాలం నిలకడగా ఉంది, టీఎస్‌హెచ్ ఎప్పుడు చూసినా 2 దరిదాపుల్లో. మోకాళ్ల నొప్పులకని చూపించుకుంటే ఎముకల డాక్టరు కాల్షియం మాత్రలు రాశారు. ఆవిడకు మందులన్నీ ఒక్కసారే మింగి ఆ పని అయిందనిపించుకోవడం అలవాటు. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర, కాల్షియం, గ్యాస్ రాకుండా ఇచ్చే పాంటోప్రజోల్, మూడూ ఒకే గుక్క నీళ్లతో. ఆ వెనకే కాఫీ. తర్వాతి రిపోర్టులో టీఎస్‌హెచ్ 6.8. పవర్ 100 చేశారు. కాల్షియం గురించి అడగనూ లేదు, చెప్పనూ లేదు. ఎముకల డాక్టరు చీటీ ఒక ఫైల్లో, థైరాయిడ్ చీటీ ఇంకో ఫైల్లో ఉండటం మా ఇంట్లో క్రమశిక్షణకు గుర్తు. రెండు నెలలకు అంకె సర్దుకుంది, అందరూ సంతోషించారు. ఆ తర్వాత కాల్షియం కోర్సు అయిపోయింది, ఆపేసింది. ఇక అసలు కథ మొదలైంది. నిద్ర లేదు, గుండె దడ, కారణం లేకుండా కోడళ్ల మీద చిరాకు (కారణం ఉన్న చిరాకు వేరేగా ఉండేది, తేడా మాకు తెలుసు). ఈసీజీ తీయించారు. తీరా చూస్తే టీఎస్‌హెచ్ 0.25కు పడిపోయింది.

జరిగినదేమిటో విడదీసి చూస్తే చాలా మామూలు విషయం. కాల్షియం, ఐరన్, యాంటాసిడ్లు పొట్టలో ఈ మందును పట్టుకుని ఒంటికి పట్టకుండా చేస్తాయి. వాటికీ దీనికీ 4 గంటల ఎడం ఉండాలి. అత్తయ్య ఒంటికి 75లో కొంత భాగమే పడుతున్నప్పుడు మోతాదు చాలలేదనుకున్నారు. అడ్డు తొలగగానే 100 మొత్తం ఒంటికి పట్టింది. మోతాదు మొదటినుంచీ సరిగ్గానే ఉంది. మారవలసింది కాల్షియం వేసుకునే వేళ. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈసీజీ దాకా వెళ్లేవాళ్లం కాదు. పెద్ద వయసులో ఇది చిన్న విషయమూ కాదు. 60 దాటినవారిలో టీఎస్‌హెచ్ 0.1కి, అంతకంటే కిందికి పడిపోయి ఉంటే పదేళ్లలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె లయ తప్పే జబ్బు వచ్చే అవకాశం సుమారు మూడింతలని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 1994లోనే చెప్పింది. ముట్లు ఆగిన ఆడవాళ్లలో మందు ఎక్కువైతే ఎముకలు కూడా పలచబడతాయి. ఎముకల కోసం మొదలుపెట్టిన కాల్షియం చివరికి ఎముకలను అరగదీసే దారికి తెచ్చిందన్న మాట. ఇది మా ఇంట్లో ఎవరికీ నవ్వు తెప్పించలేదు.

కాఫీ విషయం అందరూ తేలిగ్గా తీసుకుంటారు కాబట్టి విడిగా చెబుతున్నాను. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పరగడుపు అంటే అన్నం తినకముందు అనే అర్థం. కాఫీ లెక్కలోకి రాదు. మీరు పరగడుపున వేసుకుంటున్నారా అని డాక్టరు అడుగుతారు, అవునండీ అని ఈవిడ చెబుతుంది, ఇద్దరూ నిజమే మాట్లాడుతున్నారు. మాత్ర వేసుకున్న వెంటనే కాఫీ తాగితే మందు ఒంటికి పట్టడం తగ్గుతుందని 2008లో ఇటలీ వైద్యులు చూపించారు. అక్కడిది పాలు లేని చిక్కటి కాఫీ. మనది పాల కాఫీ, అందులో కాల్షియం అదనం. అరగంట, వీలైతే గంట ఆగాలి. పొద్దున్నే కాఫీ లేకుండా గంట ఉండటం అసాధ్యం అనుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది. రాత్రి భోజనం అయిన 3 గంటలకు, పడుకునే ముందు వేసుకోవచ్చు. 2010లో నెదర్లాండ్స్‌లో జరిగిన ప్రయోగంలో రాత్రివేళ వేసుకున్నవారి టీఎస్‌హెచ్ పొద్దున వేసుకున్నప్పటికంటే తక్కువగా వచ్చింది. కాకపోతే పదింటికి అన్నం తిని పదిన్నరకు పడుకునే ఇళ్లలో ఇది కుదరదు. క్యాబేజీ, కాలీఫ్లవర్ మానేయమనే సలహా మాత్రం వదిలేయండి. వండుకుని మామూలుగా తినేవాళ్లకు వాటివల్ల మాత్ర లెక్క మారదు. మా ఊళ్లో కాఫీ వదలనివాళ్లే క్యాబేజీని వెలివేశారు.

ఇక ల్యాబ్ వైపు. టీఎస్‌హెచ్ రోజంతా ఒకేలా ఉండదు. రాత్రి పెరుగుతుంది, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది. ఒకసారి పొద్దున ఆరింటికి ఇంటికొచ్చిన కుర్రాడికి రక్తమిచ్చి, ఇంకోసారి భోజనం చేసి తీరిగ్గా వెళ్లి ఇస్తే ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం న్యాయం కాదు. ఫ్రీ టీ4 (రక్తంలో ప్రోటీన్లకు అతుక్కోకుండా విడిగా ఉన్న టీ4) కూడా చూస్తున్నారంటే ఆ రోజు రక్తమిచ్చాకే మాత్ర వేసుకోవడం మంచిది, ఎందుకంటే మాత్ర వేసుకున్న రెండు మూడు గంటలకు రక్తంలో అది కాసేపు పైకి లేస్తుంది. ల్యాబ్ మారితే యంత్రం మారుతుంది, హద్దులు మారతాయి. ఒక చోట పై హద్దు 4.2, మరో చోట 4.94. మధ్యలో 4.6 వచ్చినవాళ్లు ఒక వీధిలో రోగులు, పక్క వీధిలో ఆరోగ్యవంతులు! ఏ జబ్బూ మారకుండానే ఒకే మనిషిలో ఒక పరీక్షకూ మరో పరీక్షకూ 40 శాతం దాకా తేడా రావచ్చు. 2.8 తర్వాత 3.7 వస్తే పెరిగిందనుకుని కంగారుపడేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. డెంగీయో టైఫాయిడో వచ్చి కోలుకుంటున్న రోజుల్లో పరీక్ష చేయిస్తే అంకె ఇంకా అడ్డదిడ్డంగా ఉంటుంది. పని పడితే తప్ప అప్పుడు చేయించకపోవడమే మేలు.

టీ3 (థైరాయిడ్ హార్మోన్లలో రెండోది), టీ4, టీఎస్‌హెచ్ మూడూ కలిపి ఒక ప్యాకేజీగా అమ్మడం మన ల్యాబ్‌ల ఆచారం. అందులో టీ3, టీ4 అనేవి సాధారణంగా మొత్తం హార్మోన్ లెక్క, ప్రోటీన్లకు అతుక్కుని ఉన్నదానితో సహా. గర్భంతో ఉన్నా, గర్భనిరోధక మాత్రలు వేసుకుంటున్నా ఆ ప్రోటీన్ పెరిగి మొత్తం అంకె ఎక్కువగా కనబడుతుంది. థైరాయిడ్ ఎక్కువైందని కంగారు మొదలవుతుంది. మందు మీద నిలకడగా ఉన్న హైపోథైరాయిడ్ (థైరాయిడ్ తక్కువగా పనిచేసే) మనిషికి టీఎస్‌హెచ్ ఒక్కటి చాలు, అనుమానం ఉంటే ఫ్రీ టీ4. ప్రతిసారీ టీ3కి డబ్బు కట్టడం దండగ. పిట్యూటరీలోనే లోపం ఉన్నవాళ్లు, థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయి కావాలని టీఎస్‌హెచ్ తగ్గించి ఉంచుతున్నవాళ్లు ఈ లెక్కలోకి రారు. వాళ్లు నా మాటలేవీ పట్టించుకోకూడదు.

బయోటిన్ గురించి వింటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. థైరాయిడ్ తక్కువైతే జుట్టు రాలుతుంది. జుట్టు రాలుతోందని బ్యూటీ పార్లర్ అమ్మాయో ఫోన్లో వీడియోనో చెబితే బయోటిన్ మాత్రలు కొంటారు. కొన్ని రకాల పరీక్షా యంత్రాల రసాయన పద్ధతిలోనే బయోటిన్ ఉంటుంది. రక్తంలో అది ఎక్కువగా ఉంటే ఆ యంత్రాలు టీఎస్‌హెచ్‌ను తక్కువగా, ఫ్రీ టీ4ను ఎక్కువగా చూపిస్తాయి. అచ్చంగా మందు ఎక్కువైనప్పుడు కనబడే చిత్రం. డాక్టరు మాత్ర తగ్గిస్తారు, జుట్టు ఇంకా రాలుతుంది, బయోటిన్ ఇంకా వేసుకుంటారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017 నవంబరులో దీనిమీద హెచ్చరిక జారీ చేసింది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపితే చాలు. ఇంత తేలికైన జాగ్రత్త ఒక్క ల్యాబ్ గోడమీదైనా నేను చూడలేదు. చక్కెర పరీక్షకు తినకుండా రావాలని మాత్రం ప్రతి గోడమీదా ఉంటుంది.

మందే వేసుకోని వాళ్లకు మొదలుపెట్టడం ఇంకో తగాదా. ఆఫీసువాళ్లు చేయించే ఆరోగ్య పరీక్షల్లో టీఎస్‌హెచ్ 5.6, టీ4 బాగానే ఉంది, మనిషికి ఏ బాధా లేదు. జీవితాంతం మాత్ర. ఇలాంటివాళ్లు మనలో తక్కువేమీ కాదు. హైదరాబాద్‌తో సహా 8 నగరాల్లో ఐదు వేల మందికి పైగా పెద్దలను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 11 శాతం మందికి హైపోథైరాయిడిజం కనబడింది. ఈ తేలికపాటి రకం విడిగా సుమారు 8 శాతం మందిలో కనబడింది. 65 దాటినవారికి ఈ స్థితిలో మందు ఇచ్చి చూసిన ట్రస్ట్ అనే ప్రయోగం 2017లో వెలువడింది. ఐరోపాలో 737 మంది, సగం మందికి అసలు మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. మొదట్లో సగటు టీఎస్‌హెచ్ 6.40. ఏడాదికి అసలు మాత్రవాళ్లది 3.63 అయింది. నీరసం, ఇతర బాధలు మాత్రం రెండు గుంపుల్లో ఒకేలా ఉన్నాయి. ఉత్తుత్తి మాత్రవాళ్ల అంకె కూడా 5.48కి దానంతట అదే తగ్గింది. అంకెకు వైద్యం చేస్తే అంకె బాగుపడింది, మనిషికి ఒరిగిందేమీ లేదు. కాబట్టి మొదటి రిపోర్టు చూసి సీసా కొనకుండా రెండు మూడు నెలలాగి మళ్లీ చూడమనండి, యాంటీ టీపీఓ (ఒంటి రోగనిరోధక శక్తే థైరాయిడ్ మీద దాడి చేస్తోందేమో చూసే) పరీక్ష అవసరమో అడగండి. వయసు పెరిగేకొద్దీ టీఎస్‌హెచ్ కాస్త పెరగడం సహజం. 75 ఏళ్ల నాన్నగారికి 5.5 వస్తే పాతికేళ్ల అమ్మాయికి వచ్చినట్టు చూడకూడదు.

ఆ పాతికేళ్ల అమ్మాయి గర్భంతో ఉంటే మాత్రం నేను పైన చెప్పిన ఆగండి, చూడండి అన్న మాటలన్నీ రద్దు. ఇక్కడ ఆలస్యమే తప్పు. మొదటి మూడు నెలలు బిడ్డ దాదాపుగా తల్లి హార్మోన్ మీదే ఆధారపడుతుంది. తల్లికి మందు అవసరం మొదటి వారాల్లోనే పెరుగుతుంది. ఇప్పటికే మాత్ర వాడుతున్నవారు గర్భం నిలిచిందని తెలిసిన వెంటనే మోతాదును 20 నుంచి 30 శాతం పెంచాలని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2017 మార్గదర్శకాలు చెబుతాయి. తేలిక లెక్కలో వారానికి 7 మాత్రల చోట 9. ఆ తర్వాత సగం నెలలు నిండేదాకా సుమారు 4 వారాలకోసారి పరీక్ష. గుంటూరులో మా వదిన కూతురికి గర్భం తెలిసిన రోజునే ఇది గుర్తుచేశాను. ఇంటిల్లిపాదీ మొదటి స్కాన్ అయ్యాక డాక్టరమ్మను అడుగుదాం అన్నారు. స్కాన్ దాకా ఆగితే రెండు మూడు వారాలు పోతాయి. ఆ రోజే ఫోన్ చేసి అడగమన్నాను, డాక్టరమ్మ వెంటనే పెంచింది. ఇంకో చిక్కు, గర్భిణులకు ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా ప్రైవేటులోనైనా ఐరన్, కాల్షియం మాత్రలు ఇస్తారు. రెండూ ఈ మాత్రకు గిట్టనివే. మందు ఎక్కువ కావలసిన రోజుల్లోనే మందును ఆపే మాత్రలు చేతికొస్తాయి. వాటిని మానకూడదు, వేళ మార్చుకోవాలి. థైరాయిడ్ పొద్దున, ఐరన్ మధ్యాహ్నం, కాల్షియం రాత్రి అని వంటింటి గోడమీద రాసి పెట్టింది మా వదిన.

అంకెలతో ఇంత గొడవైతే అంకెలే వద్దు, నా ఒంటి సంగతి నాకు తెలుసు అనే పక్షం కూడా ఉంది. నీరసంగా ఉంటే ఒకటిన్నర మాత్ర, దడగా ఉంటే సగం. ఈ పక్షంతో నాకు ఇంకా పెద్ద పేచీ. టీఎస్‌హెచ్ పరీక్ష అందుబాటులోకి రాకముందు వైద్యులు లక్షణాలను చూసే మోతాదు తేల్చేవారు, రోజుకు 200 నుంచి 400 మైక్రోగ్రాముల దాకా ఇచ్చేవారు. పరీక్ష వచ్చాక తెలిసింది, చాలామందికి అందులో సగం చాలునని. 2006లో ఆస్ట్రేలియా వైద్యులు రోగికీ డాక్టరుకూ తెలియకుండా మోతాదును 25 మైక్రోగ్రాముల మెట్లలో మార్చి చూశారు. టీఎస్‌హెచ్ మారింది, రోగుల ఓపికలో, బాధల్లో తేడా పట్టుబడలేదు. నీరసానికి మన ఇళ్లలో కారణాలకు కరువా? రక్తహీనత, విటమిన్ డి, ఐదింటికి లేచి క్యారేజీలు కట్టడం, అన్నీ థైరాయిడ్ ఖాతాలో వేస్తాం. బరువు కూడా అంతే. థైరాయిడ్ తక్కువైనందువల్ల పెరిగే బరువు మామూలుగా రెండు నుంచి నాలుగున్నర కిలోలు, అందులోనూ చాలాభాగం నీరు. మిగతా బరువు దించడానికి మాత్ర పెంచమని అడిగేవాళ్లకు గుండె దడ తప్ప ఏమీ దక్కదు.

మందు నిల్వ గురించి రెండు మాటలు. ఈ మాత్రకు వేడి, వెలుతురు, తేమ పడవు. మనది ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటిన రోజులున్న ఊరు. పొయ్యి పక్క గట్టుమీదో కిటికీ అంచునో సీసా పెడితే మే నెల గడిచేసరికి అందులో ఎంత మందు మిగిలిందో చెప్పలేం. జూన్‌లో పెరిగిన టీఎస్‌హెచ్‌కు ఒకసారి సీసా ఉన్న చోటును కూడా అనుమానించండి. షాపులో మీరు వాడే కంపెనీది లేదని వేరేది ఇస్తే, అది కూడా మంచి మందే కావచ్చు. అయినా మారిన తేదీ రాసుకుని 6 వారాల తర్వాత పరీక్ష చేయించుకోండి. ఎల్ట్రాక్సిన్ నుంచి థైరోనార్మ్‌కు, థైరోనార్మ్ నుంచి మరోదానికి నెలకోటి చొప్పున మారుస్తూ పోతే ఏ అంకె దేనివల్ల వచ్చిందో చెప్పడం ఎవరితరం కాదు.

డాక్టర్లకు అంత సమయం లేదన్న మాట నిజమే. సాయంత్రం ఓపీలో యాభై మంది బయట కూర్చుని ఉంటే కాఫీ గురించి, జుట్టు మాత్రల గురించి ఎవరు అడుగుతారు? నేనైతే ఆ జవాబులన్నీ ఒక కాగితం మీద రాసి రిపోర్టు పైన పిన్ను కొట్టి ఇస్తాను. అత్తయ్య కాగితాన్ని చూసిన డాక్టరు గారు మళ్లీ 75 రాశారు, కాల్షియం అవసరమైతే రాత్రి భోజనంతో అన్నారు, 6 వారాలకు రమ్మన్నారు. మొత్తం కలిపి రెండు నిమిషాలు పట్టింది. కానీ ప్రతి రోగీ ఇలా రాసుకుని వెళ్లాలనడం అన్యాయం. చదువు రానివాళ్లున్నారు, ఒంటరిగా వచ్చే పెద్దవాళ్లున్నారు. ఈ పని ల్యాబ్‌లు చేయాలి. రక్తం తీసే అమ్మాయి పేరు, వయసు, ఫోన్ నంబరు ఎలాగూ అడుగుతుంది. ఈ పూట మాత్ర వేసుకున్నారా, దానితో పాటు ఇంకే మాత్రలు వేసుకుంటున్నారు, జుట్టుకు ఏమైనా వాడుతున్నారా, మోతాదు ఎప్పుడు మారింది అని ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులను టీఎస్‌హెచ్ అంకె పక్కనే అచ్చు వేయాలి. రిపోర్టులో చోటు లేదనడానికి వీల్లేదు. సగం పేజీ ల్యాబ్ రంగుల బొమ్మకే పోతోంది.